అడగకుండా తీసిన ఫోటో

మా ఇల్లు, వెనక బాల్కనీ
ఆదివారం పొద్దున

అక్కా,

మొన్న నువ్వు ఫోన్ చేసినప్పుడు ఈ సంగతి చెప్పలేదు. నీ మరదలు పక్కనే ఉంది, నన్ను తిట్టడం అప్పటికింకా పూర్తి కాలేదు. కెమెరా కొన్నాను. కొత్తది కాదులే. పెళ్ళిళ్ళకి ఫోటోలు తీసే ఒకాయన నడుం నొప్పితో పని మానేస్తూ అమ్మేశాడు. పట్టుకునే చోట రబ్బరు అరిగిపోయి ఆయన వేళ్ళ గుంటలు పడి ఉన్నాయి. నా వేళ్ళు సరిగ్గా ఆ గుంటల్లో కూర్చున్నాయి. ఇంక వదల్లేకపోయాను.

"ఇంట్లో ఉన్న స్క్రూడ్రైవర్లు చాలక ఇదొకటా?" అంది నీ మరదలు. నలభై ఎనిమిదేళ్ళు వచ్చేసరికి మగవాళ్ళకి ఏదో ఒక పిచ్చి పట్టుకుంటుందిట. పక్కింటాయనకి చేపల తొట్టి, నాకు ఇది.

ఇరవై రెండేళ్ళుగా లిఫ్టులు బాగుచేస్తున్నాను కదా, పనంతా వాటి కింది చీకటి గొయ్యిలో, టార్చి పళ్ళ మధ్య కరుచుకుని. వెలుగు అంటే నాకు ఇన్నాళ్ళూ నట్టు ఎక్కడుందో చూపించేది, అంతే. ఇప్పుడు కిటికీలో గ్లాసుడు నీళ్ళు పెట్టుకుని గంటసేపు చూస్తూ కూర్చుంటున్నాను. స్టాండు కొనడం ఎందుకని పాత ప్యాంటు కాలు ఒకటి కోసి, ఇసుక నింపి, రెండు పక్కలా కుట్టేశాను. కెమెరా దాని మీద పిల్లిలా పడుకుంటుంది. టేబుల్ లైటుకి వంటింట్లోని బటర్ పేపర్ చుట్టాను. వెలుగు మీగడలా మెత్తబడింది. టీవీ డబ్బాలో వచ్చిన థర్మోకోలు ముక్కని నీడ వైపు నిలబెడితే ఆ నీడకి కూడా కాస్త ప్రాణం వస్తోంది.

ఫోన్‌లో చూపిస్తే బొటనవేలంత బొమ్మ, అందులో నాకేం కనిపిస్తుందిరా అంటావు నువ్వు. అందుకని అచ్చు వేయించి పంపిస్తున్నాను. ఒక్క ఫోటోనే అయితే కవరు బోసిగా ఉంటుందని ఈ ఉత్తరం. ఆ చేతులు నీ మరదలివి, సూదిలో దారం ఎక్కిస్తోంది. "మొహం పనికిరాలేదా మీకు?" అని రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

నీ తమ్ముడు


ఎక్స్-రే గది
మధ్యాహ్నం, భోజనాల వేళ

ఒరేయ్ చిన్నోడా,

నీ ఉత్తరం మా గది తలుపు మీద, "గర్భిణులు ముందుగా చెప్పాలి" అనే బోర్డుకి గుచ్చి పెట్టి వెళ్ళాడు మా అటెండరు. ముప్పై ఏళ్ళ ఉద్యోగంలో నాకు గదికి వచ్చిన మొదటి ఉత్తరం ఇదే. ఎవరో పోయారేమోనని గుండె జారిపోయింది.

ఫోటో బాగుంది. మరదలి చూపుడు వేలి చివర చర్మం గరుకుగా ఉండడం ఇన్నేళ్ళలో నేనెప్పుడూ చూడలేదు. అయితే ఎడమ చెయ్యి మొత్తం నల్లగా మింగేశావు. థర్మోకోలు ఇంకో జానెడు దగ్గరికి జరుపు. నాకెలా తెలుసంటావా? నీకు వెలుగు ఒంటి మీద పడాలి, మాకు ఒంట్లోంచి దూరి పోవాలి. అంతకు మించి తేడా ఏముంది! రెండు చోట్లా మనిషి కదలకుండా ఉండడమే కష్టం. "ఊపిరి బిగపట్టండి, వదలండి" అని రోజుకి వందసార్లు చెప్తాను. ఇంట్లో మీ బావ ఏదైనా గట్టిగా మాట్లాడబోతే కూడా అదే వచ్చేస్తోంది నోట్లోంచి.

ఇంకా పంపు. ఇక్కడ కొత్త మిషన్ వచ్చాక కంప్యూటర్లో బొమ్మలు చూడ్డమే. చేత్తో పట్టుకుని వెలుగుకి ఎత్తి చూసే పని పోయింది. నీ ఫోటో వచ్చినప్పుడు అలవాటు కొద్దీ కిటికీకేసి ఎత్తి చూశాను. వెనక నుంచి నువ్వు పెన్సిలుతో రాసిన తేదీ కనిపించింది.

అక్క


మా ఇల్లు
శనివారం సాయంత్రం

అక్కా,

కూర్చుని ఉంటే సరే, లేకపోతే కూర్చుని చదువు. నీ తమ్ముడికి మొదటి బహుమతి వచ్చింది!

లైబ్రరీలో ఒక ఫోటో క్లబ్ ఉంది. నెలకి రెండుసార్లు కలుస్తారు. నాలాంటి వాళ్ళే అందరూ, ఒక పళ్ళ డాక్టరు, ఒక బస్సు కండక్టరు, ఇద్దరు ముగ్గురు కాలేజీ పిల్లలు. కార్యదర్శి రిటైరైన లెక్కల మాస్టారు. ఏడాదికోసారి లైబ్రరీ హాల్లో గోడల నిండా ఫోటోలు పెడతారు. అందులో నాది మొదటిది.

ఏ ఫోటోనో చెప్తా విను. ఒక ఆఫీసు బిల్డింగులో పదిహేను రోజులకోసారి లిఫ్టు చూడ్డానికి వెళ్తాను. కింద అంతస్తులో లిఫ్టు తలుపుకి ఎదురుగా ఇస్త్రీ షాపు వెనక తలుపు. ఆవిడొక్కతే నడుపుతుంది. నన్ను లిఫ్టన్నా అంటుంది, వెళ్ళినప్పుడల్లా మంచినీళ్ళు ఇస్తుంది. ఆ రోజు గొయ్యిలో పని ముగించుకుని పైకి వస్తున్నాను. తల నేలమట్టానికి వచ్చేసరికి వెనక తలుపు తీసే ఉంది. నాలుగు గంటల ఎండ పక్క కిటికీలోంచి ఏటవాలుగా పడుతోంది. ఇస్త్రీపెట్టె ఆవిరి పైకి లేచి ఆ ఎండలో వెండిలా నిలబడిపోయింది. ఆవిడ కళ్ళు మూసుకుని, చెయ్యి చొక్కా మీద ఆనించి కూర్చుంది. చెంప మీద ఒక తడి గీత. సామాన్ల సంచిలోంచి కెమెరా తీశాను, మోచేతులు నేలకి ఆనించాను, ఊపిరి బిగపట్టాను. ఒక్కటే ఒక్క ఫోటో.

క్లబ్‌లో మాస్టారు దాని ముందు చేతులు కట్టుకుని నిలబడి, "లిఫ్టు మెకానిక్కి కాక ఇంకెవడికి దొరుకుతుందయ్యా ఈ ఎత్తు నుంచి?" అన్నారు. బహుమతి ఒక లెన్సు. దాంతో ఇస్త్రీ బట్ట మీది ముడతని కూడా ఫోటో తీయొచ్చు, వెనకదంతా మంచులా కరిగిపోతుంది. నేను కెమెరా కొన్నప్పట్నుంచీ షాపు అద్దానికి ముక్కు ఆనించి చూసిన లెన్సు అది!

పెద్ద సైజు అచ్చు నీకోసం పంపుతున్నాను. మడత పడకుండా రెండు అట్టల మధ్య పెట్టాను.

నీ తమ్ముడు


మా ఇల్లు
గురువారం

చిన్నోడా,

ఫోటో అందింది. వంటింటి కిటికీ దగ్గర నిలబడి చూస్తూ ఉండిపోయాను. పొయ్యి మీద పాలు పొంగిపోయాయి. మీ బావ వచ్చి నా భుజం మీంచి చూసి ఏమీ అనలేదు. ఆయన ఏమీ అనలేదంటే ఎంత బాగుందో నీకు తెలుసు.

ఒక్క మాట. ఆవిడకి తెలుసా?

అక్క


మా ఇల్లు, బాల్కనీ
బుధవారం

అక్కా,

కొత్త లెన్సు అంటే ఏమిటో ఇప్పుడు తెలుస్తోంది. నిన్న నీ మరదలి కనురెప్పలు తీశాను, ఒక్కొక్క వెంట్రుకా లెక్కపెట్టొచ్చు. ఈసారి మొహం తీశానని సంతోషించి, చూశాక ముడతలు కనిపిస్తున్నాయని మళ్ళీ అలిగింది. వానొచ్చినప్పుడు బాల్కనీ ఇనప కడ్డీకి వేలాడే చుక్కల్లో ఎదుటి మేడ తలకిందులుగా కనిపిస్తుంది, అది కూడా పంపిస్తున్నాను. భూతద్దం పెట్టి చూడు, ఎదుటి మేడ మీద ఎవరో చీర ఆరేస్తున్నారు.

ఆవిడ సంగతి అడిగావు. వీలు చూసుకుని చెప్తానులే. సంతోషిస్తుంది. అయినా అక్కా, ముందే అడిగితే మనుషులు బిగుసుకుపోతారు. జుట్టు సర్దుకుంటారు, పళ్ళు కనిపించేలా నవ్వుతారు, ఆ క్షణం కాస్తా ఎగిరిపోతుంది. నిజం దొరకాలంటే అడగకూడదని క్లబ్‌లో అందరూ అంటారు.

నీ తమ్ముడు


ఎక్స్-రే గది
పొద్దున, రోగులు రాకముందు

చిన్నోడా,

నీ వానచుక్క భూతద్దంతో చూశాను. ఆరేస్తున్నది చీర కాదు, దుప్పటి. ఇక అసలు విషయం.

ఉద్యోగంలో చేరిన నాలుగో ఏట ఒక ముసలాయన కడుపునొప్పని వచ్చాడు. ఎక్స్-రే ప్లేటు తీసి వెలుగుకి పట్టుకుంటే వెన్నెముక పక్కన తెల్లగా, గుండ్రంగా, పుస్తకంలో అచ్చేసినట్టు ఒక సున్నా. ఉంగరం! ఆయన పెళ్ళి ఉంగరం మింగేశాడు. గదిలో ఉన్న వాళ్ళందరం నవ్వాం. ఆయన ఎదురుగా కాదులే, ఆయన బట్టలు మార్చుకోవడానికి వెళ్ళాక. ఆ ప్లేటు ఎంత స్పష్టంగా వచ్చిందంటే, నేనే దానికి ఇంకో కాపీ తీసి గోడ మీది లైటు పెట్టెకి తగిలించాను. కొత్తగా నేర్చుకునే పిల్లలు వస్తే చూపించేదాన్ని. "ఇదేంటో చెప్పుకోండి" అనేదాన్ని. రెండేళ్ళు ఉంది అక్కడ.

తర్వాత ఒకరోజు ఆ ముసలాయనే చెయ్యి విరగ్గొట్టుకుని వచ్చాడు. నేను మిషన్ సర్దుతున్నాను. ఆయన లైటు పెట్టె ముందు నిలబడ్డాడు. ప్లేటు మూలన ఆయన పేరు ఉంది, తీసెయ్యాలని కూడా నాకు తోచలేదు.

"ఇది నాదేనా అమ్మా?" అన్నాడు.

నేను మిషన్ సర్దడం ఆపేశాను.

"వచ్చిన వాళ్ళందరూ చూస్తారా దీన్ని?"

ఆయన కోప్పడలేదు. కోప్పడితే ఎంత బాగుండేదో! చెయ్యి చాపమన్నాను, చాపాడు. ఊపిరి బిగపట్టమన్నాను, బిగపట్టాడు. ఆయన వెళ్ళగానే ఆ కాపీ తీసి చింపేశాను. పెళ్ళి ఉంగరం ఎందుకు మింగాడో, ఎవరు లాక్కోబోయారో, ఆ ఇంట్లో ఏం జరిగిందో నాకీ రోజుకీ తెలియదు. అడగలేకపోయాను. రెండేళ్ళు నవ్విన దాన్ని, ఏ మొహం పెట్టుకుని అడగను?

ఇది మీ బావకి కూడా చెప్పలేదు. నీకెందుకు చెప్తున్నానో నీకు తెలుసు. ఆవిడతో మాట్లాడు. ఎవరో వెళ్ళి చెప్పే లోపు నువ్వు వెళ్ళు.

అక్క


మా ఇల్లు
ఆదివారం

అక్కా,

ఆలస్యమైపోయింది.

నీ ఉత్తరం సోమవారం వచ్చింది. ఆ బిల్డింగుకి పనికి వెళ్ళే రోజు ఎటూ గురువారమే కదా, అప్పుడు చెప్దామనుకున్నాను. గురువారం వెళ్ళాను. సంచి కింద పెట్టకముందే ఆవిడ వెనక తలుపు దగ్గరకొచ్చి, "లిఫ్టన్నా, ఒకసారి లోపలికి రా" అంది. మెల్లగానే అంది. ఆ మెల్లగా అనడంలోనే నాకు తెలిసిపోయింది.

కుర్చీ చూపించింది. తను కూర్చోలేదు. ఇస్త్రీ చేస్తూనే మాట్లాడింది.

"నువ్వు ఫోటోలు తీస్తావంట కదా."

"అవునమ్మా."

"మా అమ్మాయిని వాళ్ళ కాలేజీ వాళ్ళు లైబ్రరీ హాలుకి తీసుకెళ్ళారు. ఫోటో కింద లిఫ్టు మెకానిక్ తీసిందని రాసుందంట. పక్క పిల్ల చూసి, 'ఇది మీ అమ్మ కదే' అందంట. మా పిల్ల కాదందంట. కాదని చెప్పి, ఇంటికొచ్చి నన్ను పట్టుకుని ఒకటే ఏడుపు."

 చొక్కా తిప్పి రెండో చెయ్యి పరిచింది.

"దాని నాన్న మమ్మల్ని వదిలేసి పదకొండేళ్ళు. ఈ పదకొండేళ్ళలో దాని ఎదురుగా ఒక్కసారి ఏడవలేదన్నా. ఏ కష్టమొచ్చినా ఇక్కడికొచ్చేదాకా ఆపుకునేదాన్ని. ఇది నా చోటు. నువ్వు దీన్ని ఫ్రేము కట్టి గోడకి తగిలించావు."

నాకు తల కొట్టేసినట్టయింది. తప్పయిపోయిందన్నాను. ఆ మాట నోట్లోంచి ఊడిపడిందే గాని దానికి బరువే లేదు.

"ఇప్పుడది చదువు మానేస్తానంటోంది. రెండో ఏడు. 'నువ్వు రోజంతా అలా కూర్చుని ఏడుస్తుంటే నేను చదువుకోనా? నేనూ ఏదో పనిలో చేరతా' అంటోంది. నాలుగు రోజుల్నుంచి కాలేజీకి పోలేదు. చెప్పు, ఏం చెయ్యమంటావు నన్ను?"

అంతలో ముందు వైపు ఎవరో చొక్కాల కోసం వచ్చారు. కొంగుతో మొహం తుడుచుకుని, నవ్వుతూ వెళ్ళి ఇచ్చి వచ్చింది. నేను లేచి లిఫ్టు గొయ్యిలోకి దిగిపోయాను. ఆ రోజు ఆ చీకట్లో ఉండడం హాయిగా అనిపించింది.

ఫోటో తీసెయ్యమని క్లబ్ వాళ్ళకి చెప్పేశాను. నువ్వు దిగులు పడకు.

నీ తమ్ముడు

వదినా, ఆయన స్నానానికి వెళ్ళారు. ఉత్తరం అంటించలేదు కనుక ఈ నాలుగు ముక్కలూ నేను రాస్తున్నాను. క్లబ్ వాళ్ళకి ఏమీ చెప్పలేదు. ఇంటి గుమ్మం దాకా వెళ్ళి రెండుసార్లు తిరిగొచ్చారు. ఆ ఫోటో ఇంకో పెద్ద ప్రదర్శనకి పంపుతారట, దానికి నింపాల్సిన కాగితం చొక్కా జేబులో దొరికింది నాకు, నానబెట్టబోతుంటే. నింపేసి ఉంది. సంతకం మాత్రం పెట్టలేదు. మూడు రోజులుగా అన్నం సరిగా తినడం లేదు. నేనేమన్నా అంటే విరుచుకుపడతారు. మీ మాటైతే వింటారు. — మీ మరదలు


మా ఇల్లు
బుధవారం

చిన్నోడా,

కింద మరదలు రాసిన నాలుగు ముక్కలు చదివాను. దాని మీద ఎగరకు. అది రాయకపోతే నువ్వు నాతో ఆడిన అబద్ధం నిజం చేసుకోవడానికి ఇంకో నాలుగు ఉత్తరాలు రాసేవాడివి.

అది గొప్ప ఫోటో. నా కళ్ళతో చూశాను, కాదనను. నీకు జీవితంలో మళ్ళీ అలాంటిది దొరక్కపోవచ్చు. అందుకే నీకు కష్టంగా ఉందని తెలుసు. పనికిరాని ఫోటో అయితే ఈపాటికి తీసేసి ఉండేవాడివి.

నువ్వు చెడ్డవాడివి కాదురా. చెడ్డవాడైతే ఆ కాగితం జేబులో నలిగేదాకా ఉంచుకోడు, మొదటి రోజే సంతకం పెట్టేస్తాడు. కానీ మంచివాడిననుకుంటూ గుమ్మం దగ్గర నిలబడ్డంత సేపూ ఆవిడ ఆ గోడ మీదే ఉంది.

వెళ్ళు.

అక్క

నా దగ్గరున్న అచ్చు ఈ కవరులోనే తిరిగి పంపుతున్నాను. నా ఇంట్లో ఉండాల్సింది కాదు.


మా ఇల్లు
శుక్రవారం సాయంత్రం

అక్కా,

వెళ్ళాను.

మాస్టారికి విషయమంతా చెప్పాను. "ముఖం ఆవిడదే కానీ ఫోటో నీది కదయ్యా" అన్నారు. "పెద్ద ప్రదర్శనకి మన క్లబ్ నుంచి ఇన్నేళ్ళలో ఒక్కటీ వెళ్ళలేదు, కాస్త ఆలోచించు" అని బతిమాలారు. ఆయన మీద నాకు కోపం రాలేదు, వారం రోజులుగా నా మనసు నాకు చెప్తున్నవే ఆయన పైకి అన్నారు. పళ్ళ డాక్టరు నా మీద గట్టిగా అరిచాడు. కండక్టరు మాత్రం స్టూలు తెచ్చి వేసి, ఫ్రేము దించడానికి ఒక చివర పట్టుకున్నాడు. లెన్సు డబ్బాలో పెట్టి మాస్టారి బల్ల మీద ఉంచాను. గోడ మీద మేకు ఒక్కటే మిగిలింది.

అక్కడి నుంచి తిన్నగా షాపుకి వెళ్ళాను. ఫ్రేము, నువ్వు తిప్పి పంపిన అచ్చు, కెమెరాలోని చిప్పు, మూడూ ఆవిడ ముందు పెట్టాను. "ఇంకెక్కడా లేవమ్మా. చింపుతారో ఏం చేస్తారో మీ ఇష్టం" అన్నాను.

ఆవిడ అప్పటిదాకా ఆ ఫోటో చూడనే లేదు, అక్కా! కూతురు చెప్పగా వినడమే. కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చాలాసేపు చూసింది. నేను నేల చూపులు చూస్తున్నాను.

"కాలరు సరిగ్గా రాలేదు" అంది చివరికి.

"ఏంటమ్మా?"

"ఆ చొక్కా కాలరు. ముడత ఉండిపోయింది. అట్లాగే ఇచ్చేశానా ఏంటి వాళ్ళకి?"

వంగి చూశాను, ముడత ఉన్నమాట నిజమే.

"ఎందుకు ఏడ్చానో అడగవేం?" అంది.

"అడిగే మొహం లేదమ్మా నాకు."

"నాకే గుర్తు లేదు. ఎప్పుడో ఒకప్పుడు అలా వస్తుందన్నా, తుమ్ములాగా. వస్తుంది, పోతుంది. మొహం కడుక్కుని మళ్ళీ చొక్కాలు మొదలుపెడతా. పాటలు కూడా పాడుకుంటా. కానీ దీంట్లో చూడు, నేను ఏడుపు ఆపనే ఆపను. ఎప్పుడు చూసినా ఏడుస్తూనే ఉంటా. నా బిడ్డ చూసింది ఇదొక్కటే. మిగతా రోజంతా నేనెలా ఉంటానో దానికి ఎవరు చూపిస్తారు?"

అక్కా, ఇన్ని నెలలుగా వెలుగు గురించి, లెన్సుల గురించి ఎన్నో చదివాను. ఈ మాట ఎక్కడా లేదు.

ఫోటో చింపలేదు. పాత దిండు గలేబులో చుట్టి అటక మీద పెట్టింది. చిప్పు మాత్రం నా చేతికే తిరిగి ఇచ్చి, "దీంట్లో ఏముందో నాకు తెలీదు, నా ముందే తీసెయ్" అంది. తీసేశాను. బొత్తాం నొక్కే ముందు ఇంకొక్కసారి ఆ బొమ్మ చూసుకున్నాను, దాచుకోవడం ఎందుకు నీ దగ్గర.

నీ తమ్ముడు


ఎక్స్-రే గది
మంగళవారం

చిన్నోడా,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఆవిడ అన్నమాట నాకూ తగిలింది. ఆ ముసలాయన రెండేళ్ళ పాటు మా గోడ మీద ఉంగరం మింగుతూనే ఉన్నాడు. మిగతా మనిషిని మేమెవరమూ చూడలేదు.

అమ్మాయి కాలేజీకి వెళ్తోందా? అది రాయలేదు నువ్వు. 'దానికి ఎవరు చూపిస్తారు' అని ఆవిడ అడిగిందానికి నీ దగ్గర జవాబు ఉందేమో ఆలోచించు. నిన్ను మళ్ళీ కెమెరా పట్టుకుని ఆవిడ ముందు నిలబడమని కాదు నేననేది.

మరదలికి చెప్పు, ఇకమీదట నా ఉత్తరాలు దాని పేరుతోనే వస్తాయని. నీకు కావాలంటే అది చదివి వినిపిస్తుంది.

అక్క


మా ఇల్లు, బాల్కనీ
ఆదివారం పొద్దున

అక్కా,

ఈ కవరులో ఫోటో లేదు, వెతుక్కోకు.

నీ ఉత్తరం నీ మరదలు చదివి వినిపించింది, "ఆలోచించు" అన్నచోట ఆగి నా మొహంకేసి చూసి మరీ. నాకు తోచింది ఒక్కటే. షాపుకి వెళ్ళి, ఆవిడ కూతురికి నా కెమెరా ఒక రోజు ఇస్తానని చెప్పాను. ఎలా నొక్కాలో చూపిస్తాను, తర్వాత నేనక్కడ ఉండను. అమ్మ రోజంతా ఎలా ఉంటుందో ఆ అమ్మాయే తీసుకుంటుంది. మీకు ఇష్టమైతేనే, అన్నాను. ఆవిడ ఆలోచించి చెప్తానంది. మరుసటి వారం వెళ్తే ఆలోచిస్తున్నానంది. ఆ పై వారం నేను అడగలేదు. అప్పుడావిడే, "శనివారం రా. అది ఇంట్లోనే ఉంటుంది. రానంటోంది, ఈడ్చుకొస్తా" అంది.

కిందటి వారం శనివారం ఆ పిల్ల వచ్చింది. నన్ను చూసి తల తిప్పుకుంది. న్యాయమే. నేను కెమెరా బల్ల మీద పెట్టి, కిటికీకేసి చూస్తూ, గోడకి చెప్తున్నట్టు చెప్పాను: ఇది తిప్పితే వెలుగు పెరుగుతుంది, ఇది సగం నొక్కితే బొమ్మ తేటపడుతుంది, చెయ్యి వణికితే మోచెయ్యి దేనికైనా ఆనించుకో. వింటోందో లేదో తెలియలేదు. "సగం నొక్కడం అంటే ఎంత?" అంది కాసేపటికి. అంతే, నేను వచ్చేశాను.

సాయంత్రం కెమెరా తెచ్చుకోవడానికి వెళ్ళేసరికి మూడు వందల పైచిలుకు తీసింది! నాకు చూపించలేదు, నేనూ అడగలేదు. తల్లీ కూతుళ్ళిద్దరూ ఆ చిన్న తెర మీద తలలు ఆనించి చూసుకుంటున్నారు. "ఇదేంటే, ఇంత నోరు తెరిచి అరుస్తానా నేను వాళ్ళ మీద?" అంటోంది ఆవిడ. "ఇంకా పెద్దగా అరుస్తావు" అంటోంది ఆ పిల్ల. "ఈ పాట ఎప్పుడు పాడావు? నాకెప్పుడూ పాడలేదు." "నువ్వు ఎప్పుడడిగావు?" మధ్యలో ఒక చోట కెమెరా అటు తిప్పి, ఇంకా దగ్గరికి వంగారు. ఏం చూశారో నాకు తెలియదు. సోమవారం నుంచి కాలేజీకి వెళ్తోందని ఆవిడ మొన్న నీళ్ళ గ్లాసు ఇస్తూ చెప్పింది. "పూర్తిగా మానలేదులే ఆ పని మాట, శనివారాలు ఇక్కడికొచ్చి మడతలు పెడతానంటోంది. పెట్టనీ" అంది.

ఆ శనివారం సాయంత్రం నేను వచ్చేయబోతుంటే ఆ పిల్ల మొదటిసారి నా మొహంలోకి చూసి పిలిచింది. "అంకుల్, ఇంకొక్కటి తియ్యాలి. అమ్మ మొహం ఒక పక్కంతా నల్లగా వస్తోంది, ఏం చెయ్యాలి?"

థర్మోకోలు ఇంట్లో ఉండిపోయింది. ఇస్త్రీ చేసిన తెల్ల దుప్పట్ల కట్టలోంచి ఒకటి తీసుకోమని ఆవిడే చూపించింది. నేను దాన్ని విప్పి, రెండు చివర్లు పట్టుకుని చేతులు పైకెత్తి నీడ వైపు నిలబడ్డాను. దుప్పటి నా తల కంటే ఎత్తుగా ఉంది. అటువైపు ఏముందో నాకు కనిపించదు. కిటికీ వెలుగు మాత్రం బట్ట మీద పడి తెల్లగా వెలుగుతోంది, ఇస్త్రీ వేడి ఇంకా పోలేదు దానికి.

"జుట్టు సర్దుకోనీయవే."

"వద్దు, అట్లాగే ఉండు."

"పళ్ళు కనబడాలా?"

"నీ ఇష్టం."

 కెమెరా ఒకసారి చప్పుడు చేసింది. కాసేపటికి ఇంకోసారి. ఎవరో ముక్కు ఎగబీల్చారు, ఎవరో నవ్వారు, ఇద్దరిలో ఎవరో చెప్పలేను. నా భుజాలు లాగేస్తున్నాయి, వేళ్ళు తిమ్మిరెక్కాయి. దుప్పటి దించమని ఎవరూ అనలేదు. నేనూ దించలేదు.

నీ తమ్ముడు